తిని తగ్గిన జూలీ

శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల పెట్టెలు నింపిన ట్రాలీలను ఒకదాని వెనక ఒకటి తగిలించి లాగే చిన్న ట్రాక్టర్లు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని జూలీ నడుపుతుంది. ఆ పనిలో ఆడవాళ్లు తక్కువ. మొదట్లో ఆమె కూడా టెర్మినల్ లోపల నేల తుడిచే పనిలోనే చేరింది. అద్దాల్లోంచి ఆ ట్రాక్టర్లను చూసి చూసి, ఒకరోజు సూపర్‌వైజర్ వీరేందర్ దగ్గరికి నేరుగా వెళ్లి, "అది నేను గూడ నడుపుత సార్. నేర్పిస్తరా?" అని అడిగింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. లైసెన్సు తెచ్చుకుంది, శిక్షణ పూర్తి చేసింది, పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. అనుకున్నది చేసి తీరే మనిషి ఆమె.

ఆ పట్టుదలే ఒకసారి ఆమెను కిందపడేసినంత పని చేసింది.

జూలీకి ముప్పై ఆరేళ్లు. కొత్వాల్‌గూడలో భర్త వినోద్ కుమార్, అత్త ఇందిరమ్మలతో ఉంటుంది. ఉద్యోగులందరికీ ఏటా చేసే పరీక్షల్లో ఆమె రక్తంలో చక్కెర హద్దు దాటేలా ఉందని తేలింది. బరువు ఎనభై నాలుగు కిలోలు. బరువు తగ్గితే మందుల దాకా పోకుండా చూసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. జూలీ తండ్రి షుగరు వల్లే కాలి వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆయన కాలికి కట్లు మార్చింది జూలీయే. అందుకే ఈ మాట ఆమెకు ఎవరూ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

మర్నాటి నుంచే తిండి బాగా తగ్గించేసింది. పొద్దున చక్కెర లేని చాయ్. మధ్యాహ్నం డబ్బాలో కీరదోస ముక్కలు. రాత్రి ఒక పుల్కా, దానికి అంటీ అంటనట్టు కూర. ఇందిరమ్మ ఆ డబ్బా మూత తీసి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"గివి మేకకేసినా సాలవని ఒర్లుతది. నువ్వు గీటి మీద డ్యూటీ జేస్తవా?"

"నువ్వు పరేషాన్ గాకు అత్తమ్మా. నాకేం గాదు."

మొదటి నెల బరువు జరజరా దిగింది. యూనిఫాం నడుము దగ్గర వదులైంది. అందరూ మెచ్చుకున్నారు. ఆకలి వేసినప్పుడల్లా తాను గెలుస్తున్నట్టే అనిపించేది జూలీకి. రెండో నెలలో కాటా ముల్లు కదలడం మానేసింది. ఆమె పుల్కాలో సగం తీసేసింది. అయినా కదల్లేదు. దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వస్తోంది. ఎప్పుడూ పెద్దగా నవ్వుతూ తిరిగే మనిషి చిన్న మాటకే కసురుకుంటోంది. మెట్లెక్కితే తొడలు వణుకుతున్నాయి. ఇవన్నీ ఎండల వల్లనే అనుకుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె నిండు ట్రాలీలతో విమానం వైపు వెళుతోంది. ఉన్నట్టుండి చెవుల్లో హోరు మొదలైంది. ఎదుట తెల్లటి కాంక్రీటు మీద నల్లటి చుక్కలు లేచాయి. ముందు విమానం రెక్క ఉంది, దాని కింద మనుషులున్నారు. జూలీ ఇంకో క్షణం ఆలోచించలేదు. బ్రేకు తొక్కి, బండి ఆపేసి, చేయి పైకెత్తింది. తర్వాత మెల్లగా దిగి ట్రాలీ నీడలో నేల మీద కూలబడింది.

పెట్టెల చీటీలు సరిచూసే ముబష్షిరా పరుగెత్తుకొచ్చింది. జల్‌పల్లి నుంచి వస్తుంది ఆమె. ఇద్దరూ చాలా కాలంగా ఒకే షిఫ్టు.

"ఏమైంది జూలీ? పొద్దుగాల ఏం తిన్నవ్?"

"చాయ్ తాగిన."

"తిన్నదేంది అంటున్న. చాయ్ తిండా?"

ముబష్షిరా ఆమెను లోపలికి నడిపించి, తన డబ్బాలోని కిచిడీ, కోడిగుడ్డు ముందు పెట్టింది. రెండు ముద్దలు నోట్లో పెట్టుకునేసరికి జూలీకి ఏడుపొచ్చింది. భయంతో కాదు, ఆకలితో. ఇన్నాళ్లూ ఆ ఆకలి ఎంత పెద్దదో తనకే తెలియలేదు.

"దవాఖానల రాసిచ్చేదాక నువ్వు బండెక్కద్దు" అన్నాడు వీరేందర్.

"మీరు ఎక్కుమన్నా ఎక్క సార్" అంది ఆమె.

దవాఖానలో రక్త పరీక్షలు చేసి, రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాశారు. ఆహారం గురించి చెప్పే డైటీషియన్ మంజుల దగ్గరికి పంపారు. మంజుల ఆమె తినేదంతా అడిగి తెలుసుకుంది.

"మీరు తినేది రోజుకు ఆరేడు వందల కేలరీలు కూడా లేదండీ. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా మీ ఒంటికి దానికి రెట్టింపు కావాలి. మీరేమో ఎండలో పని చేస్తున్నారు."

"తక్కువ తింటెనే గద మేడం తగ్గేది?"

"కొంచెం తక్కువ తింటే తగ్గుతారు. మరీ తక్కువ తింటే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. నీరసం వస్తుంది, ఒళ్లు కదలనంటుంది. రోజుకు పదహారు వందల కేలరీలకు తగ్గకుండా తినండి. మీ పనికి అది కూడా కొంచెం తక్కువే. మెల్లగా తగ్గుతారు, కానీ నిలకడగా తగ్గుతారు."

కోడలు మళ్లీ తింటుందని వినగానే ఇందిరమ్మ నెయ్యి డబ్బా దించింది. జూలీ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"గట్ల గాదు అత్తమ్మా. పొద్దుగాల పెసరట్లు, గుడ్లు. పగటికి జొన్నరొట్టె, గట్టి పప్పు, ఆకుకూర. సాయంత్రం ఇన్ని పల్లీలు. రాత్రికి అన్నం జర తక్కువ, కూర ఎక్కువ, పెరుగు. కడుపు మాడ్చుకోను. అట్లని కుండ ఖాళీ చెయ్య."

"తింటనంటున్నవ్ గద, నాకదే సాలు" అంది ఇందిరమ్మ.

వారం తర్వాత కాటా ఎక్కితే బరువు ఒక కిలో పెరిగింది. వినోద్ కుమార్ తొంగి చూశాడు.

"తింటె పెరిగినట్టే ఉంది గద?"

మొదట్లో ఒంట్లో నీరు చేరి అలా కనిపిస్తుందని మంజుల జూలీకి ముందే చెప్పింది. అయినా చూసిన కళ్లకు భయం పోదు. ఆ పూట చేతిలోని జొన్నరొట్టెను చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. చివరకు తుంచి పప్పులో అద్దింది.

"కడుపు మాడ్చుకోని చూసిన. ఇగ తిని గూడ అన్ని దినాలు చూస్త" అంది. వినోద్ కుమార్ మర్నాటి నుంచి పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టే పని తనే తీసుకున్నాడు.

పెరిగిన ఆ కిలో మెల్లగా దిగింది. దాని వెనకే ఇంకొకటి. డాక్టరు రాసిచ్చాక జూలీ మళ్లీ బండెక్కింది. ఇంటికొచ్చాక కూడా కాళ్లలో సత్తువ మిగులుతుండడంతో, సాయంత్రాలు హిమాయత్ సాగర్ వైపు నడవడం మొదలుపెట్టింది. కొన్ని వారాలు ముల్లు అసలు కదిలేది కాదు. అలాంటప్పుడు కూడా ఆమె పళ్లెంలో రొట్టె తగ్గించలేదు. దసరా నాటికి డెబ్బై అయిదుకొచ్చింది. రక్తంలో చక్కెర కూడా మామూలు స్థాయికి దిగింది. డాక్టరు ఇంకో అయిదారు కిలోలు తగ్గాలన్నాడు. "తగ్గుత సార్. తొందరేం లేదు" అంది జూలీ.

ఆ చలికాలంలో ముబష్షిరా చెల్లెలి పెళ్లి. అత్తాకోడళ్లిద్దరూ జల్‌పల్లి వెళ్లారు. జూలీ బిర్యానీ పెట్టించుకుంది, రైతా వేసుకుంది, చివర్లో తీపికి ఖుబానీ మీఠా కూడా తింది. ప్రతి ముద్దా రుచి చూస్తూ తాపీగా తింది. రేపు పస్తుండాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. రేపు పొద్దున డ్యూటీ ఉంది, పెసరట్లకు పెసలు నానబోసే వచ్చింది.

ఇందిరమ్మ బిర్యానీ గిన్నెలోంచి పెద్ద ముక్క ఒకటి తీసి ఆమె పళ్లెం వైపు చాపింది. "ఇదొక్కటి తిను బిడ్డా."

"వద్దత్తమ్మా, కడుపు నిండింది."

ఇందిరమ్మ కోడలి ముఖంలోకి తేరిపార చూసింది. అది నిజమేనని నమ్మకం కుదిరాక, ఆ ముక్క తన పళ్లెంలో వేసుకుంది.