బ్యాచిలర్ లింబాద్రి

ఖతర్‌లో లింబాద్రి పని పార్కుల్లో గడ్డికి నీళ్లు పెట్టడం. ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేసిన తండ్రే, కానీ భార్య ఊళ్లో ఉంది కాబట్టి ఇక్కడ అతను బ్యాచిలర్. సాయంత్రం కుటుంబాలు వచ్చే వేళకు పైపు చుట్టి భుజాన వేసుకుని, గడ్డి మీద కాలు పడకుండా అంచు రాళ్ల మీదుగా గేటు దాటుతాడు. గేటుకు బోర్డు ఉంటుంది: ఫ్యామిలీలకు మాత్రమే. అతనుండే కూలీల క్యాంపు వైపైతే లారీలూ దుమ్మూ తప్ప ఏమీ ఉండేది కాదు. ఈ ఏడు సర్కారు ఆ దుమ్ములోనే ఒక పార్కు వేసింది.

మొదటి శుక్రవారం సెలవునాడు, గదిలో తోడుండే భూమేష్ లాక్కెళితే వెళ్లాడు. గేటు దగ్గర ఆగి, అడగకముందే వాచ్‌మన్‌తో, "మై బ్యాచిలర్, భాయ్," అన్నాడు. వాచ్‌మన్ నవ్వి, ఇది అందరి పార్కని చెయ్యి లోపలికి చూపాడు. "సబ్‌కా పార్క్ హై చాచా, అందర్ జావ్." లింబాద్రి చెప్పులు విప్పి చేత పట్టుకుని, అలవాటు కొద్దీ అంచు రాళ్ల మీదే కొంత దూరం నడిచాడు. తర్వాత ఒక కాలు గడ్డిలో పెట్టి చుట్టూ చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. మెల్లగా వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమైందే అన్నా?" అన్నాడు భూమేష్ కంగారుగా.

"ఇన్నేండ్లు నీళ్లు పెట్టిన గని, పండుకుంటే గడ్డి ఇంత సల్లగుంటదని నాకెర్కలేదురా."