బావ చేలో బూజు

యుద్ధం రోజుల్లో నేను అనకాపల్లిలో చెరకు తెగుళ్ళను పరిశోధించే ఒక లేబరేటరీలో అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. ఆ గదిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బల్ల మీద వరసగా గాజు గొట్టాలు, మూతులకు దూది, లోపల చెరకుకు ఎర్రకుళ్ళు తెగులు తెచ్చే బూజు. నెలకోసారి చిటికెడు తీసి కొత్త గొట్టంలో వెయ్యాలి. మా ఆఫీసరుగారు దాన్ని పెంచడం అనేవారు. నేను మేపడం అనేవాణ్ణి. గొట్టాలకు వీపు పెట్టి కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు.

ఆ బూజుకో గుణం ఉంది. గొట్టంలో కూర్చోబెట్టి మేపితే మెత్తబడిపోతుంది. బతికున్న చెరకు గడలో ఒకసారి పెట్టి తీస్తే పాత పౌరుషం తిరిగొస్తుంది. అందుకే ఏ పరీక్షకైనా ముందు దాన్ని గడలో పెట్టి లేపాలి. ఆ పని నాది.

ఆ ఏడు తిప్పతీగ కషాయం పరీక్ష పెట్టాం. నాటే చెరకు ముక్కల్ని, అదే ముచ్చెల్ని, అందులో నానబెడితే మొక్కకే తెగులును తట్టుకునే బలం వస్తుందని ఆఫీసరుగారి ఆశ. లేపడానికి మూడు వారాలు పడుతుంది కదా అని, నేను గొట్టంలోదే తీసి గడలకు కన్నాలు పొడిచి పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాత చీల్చి చూస్తే కషాయం తాగిన గడలు లోపల తెల్లగా ఉన్నాయి. తాగనివీ, ఎర్రగా కుళ్ళాల్సింది పోయి, దాదాపు అంతే తెల్లగా ఉన్నాయి. బుర్ర ఉన్నవాడికి అక్కడే అనుమానం రావాలి. ఆఫీసరుగారికి వచ్చింది, మళ్ళీ చేద్దామన్నారు. నేను ఆగితేనా!

ఎస్. రాయవరం దగ్గర మా అక్కావాళ్ళ చేలో అంతకుముందు ఏడు కాస్త ఎర్రకుళ్ళు తగిలింది. బావ చెరకు మాని వరి వేద్దామనుకుంటున్నాడు. నేను పెద్ద డాక్టరులా వెళ్ళి, కషాయం కాచి, ఆ చేలో ముచ్చెల్నే నానబెట్టించి, ఆ చేలోనే నాటించాను. వాళ్ళకున్నది ఆ ఒక్క చెక్క భూమే.

భాద్రపదంలో బావ కబురు పెట్టాడు. గట్టు మీంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. లోపలికి నడిచాం. గాలి లేదు. పులిసిన కల్లు వాసన. ఎవరో మా వెనకే గడలు విరుస్తున్నట్టు చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కాస్త దూరంలో మళ్ళీ అదే చప్పుడు. నిలబడ్డ గడలు వాటంతటవే విరిగి పడుతున్నాయి. బావ ఒక గడ నరికి నిలువునా చీల్చాడు. లోపలంతా ఎరుపు, మధ్యమధ్య తెల్ల మచ్చలు.

"మందు తాగిన సెరుకన్నావు కదా. సూడు," అన్నాడు. కోపంగా కాదు. "ఇది మీ గాజు గొట్టాల్లోంచి వచ్చిందేటి?"

"కాదు బావా. నీ చేలోదే. మా బూజు నిద్దరోతుంటే, లేపకుండానే పరీక్ష చేసీసి, మందు పనిచేస్తాదని నీకు చెప్పేను."

చేను తగలబెట్టారు. ఆ ఏడు వాళ్ళింట బెల్లం పొయ్యి వెలగలేదు. అక్క నాకు అన్నం పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

ఆఫీసరుగారికి అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. బావ చేలోంచి నేను తెచ్చిన చెరకు ముక్కను దీపం దగ్గర తిప్పి చూసి, అందులో బూజు తీసి గొట్టంలో వెయ్యమన్నారు. మా దగ్గరున్న వాటన్నిటిలోకీ అదే ప్రాణాంతకమైనదని తేలింది. ఇక ప్రతి పరీక్షకీ అదే. దాన్ని మెత్తబడనివ్వకుండా నెలనెలా కొత్త గడలో పెట్టి లేపేవాణ్ణి. ఈసారి ఒక్క నెలా తప్పలేదు.

రెండేళ్ళ తర్వాత బావ ఏదో పని మీద అనకాపల్లి వచ్చి, మా లేబరేటరీ గదికి వచ్చాడు. గొట్టం మీద చీటీలో తన ఊరి పేరు కూడబలుక్కుని చదివాడు.

"నా సేలోదా? ఇంకా బతికే ఉందేటి?"

"ఉంది బావా."

"నువ్వే మేపుతన్నావేటి?"

తలూపాను. బావ గొట్టాన్ని వేలితో తాకి, ఆ వేలు పంచెకు తుడుచుకున్నాడు.

"మీ అక్కకి సెప్పకు," అన్నాడు.