నిర్మాల్యం మేసిన కణుజు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. శ్యామలాదేవి నోరు మంచిది కాదు. ఊరేమనుకుంటుందో ఆమెకు పట్టదు కూడా. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, యీషున్‌లో చిన్న ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చి, అక్కణ్ణుంచి సింగపూర్ చేరినవాడు. ఇక ఆవిడ ఉద్యోగం ఏమిటంటారా? అడవి జంతువులు రోడ్ల మీదా ఇళ్ళ మీదా పడకుండా చూసే కంపెనీలో తుపాకి పని. అవును, తుపాకే. మత్తుసూది పేల్చేది. అడవిపందులు కొన్ని, కోతులు కొన్ని, ఎక్కువగా కణుజులు. కణుజంటే మామూలు జింక కాదు, చిన్న గుర్రమంత ఎత్తు ఎదిగే జాతి. మండాయ్ అడవిలో అవి బాగా పెరిగిపోయాయి.

పనికి వెళ్ళే రోజు ఆమె తలకు నూనె రాయదు, పూలు పెట్టదు, వాసన సబ్బు ముట్టుకోదు. కణుజు ముక్కుతో బతికే జీవి. మన వాసన గాలితో దాని వైపు వెళ్ళిందా, ఆ రోజుకి పని గోవిందా. పనిలో చేరిన కొత్తలో వాళ్ళమ్మ రోజూ గోల పెట్టేది, శుక్రవారం పూట బోడితలతో గడప దాటతావా అని. గుడిలో ఒకావిడ ఏకంగా, "పాపం, ఆయన పోయి ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగింది. "నాకు మొగుడే లేడు, ఇక పోయేదెవరు? నా తల చూసి నా కథ చెప్పకండి," అంది శ్యామలాదేవి, ప్రసాదం నములుతూనే. ఆవిడ మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

ఈ ఏడు జనవరి వానలు తగ్గుముఖం పట్టిన మొదట్లో మొదలైంది గొడవ. కుర్ర మగ కణుజులు కొమ్ముల మీది నూగుతోలు చెట్లకు రాసుకుని వదిలించుకుంటూ, సొంత ఇలాకా వెతుక్కుంటూ తిరిగే రోజులవి. అందులో ఒకటి తెల్లవారుజామున రోడ్డుకు అడ్డం వచ్చింది. మోటార్‌సైకిల్ మీద డ్యూటీకి పోతున్న మనిషి కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాన్ని పట్టి, పశువుల డాక్టర్ చేత శాశ్వతంగా నిద్రపుచ్చాలని కంపెనీకి ఆర్డర్ వచ్చింది.

"ఒక్క వారం ఆగండి," అంది శ్యామలాదేవి మేనేజరుతో. "అది రోడ్డుకు ఎందుకొస్తోందో చూస్తాను. రాకుండా చేయగలిగితే బతకనివ్వండి. చేయలేకపోతే నేనే కొడతాను, ఇంకెవర్నీ పంపొద్దు."

మేనేజరు నసిగాడు. కాలు విరిగిన మనిషికి ఏం జవాబు చెప్పమంటావని అడిగాడు. అది న్యాయమైన మాటే. అయినా ఆమె కుర్చీ వదిలి లేవలేదు, ఆయన సరేననేదాకా.

మర్నాడు చీకటి విడుస్తుండగా, గాలికి ఎదురుగా, తడి ఆకుల మీద మడమ ఆనించకుండా నడుచుకుంటూ పోయింది. కణుజు కనిపించింది. ఏం అందం అది! మెడ నిండా జూలు, కొమ్ముకు వేలాడే నూగుతోలు పేలిక. రోడ్డు పక్క టెంబుసు చెట్టు మొదట్లో తలవంచి ఏదో నములుతోంది. అది తిని వెళ్ళాక ఆమె దగ్గరికి పోయి చూసింది. బంతిపూల దండలు, తమలపాకులు, కొబ్బరి చిప్పలు, కుంకుమ అంటిన అరటిపళ్ళు. దేవుడి దగ్గర తీసిన నిర్మాల్యం! ఒళ్ళు మండిపోయింది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? మనవాళ్ళే.

మనవాళ్ళకు నిర్మాల్యాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేతులు రావు. కాళ్ళ కింద పడకూడదు, ఎంగిలితో కలవకూడదు. ఆంధ్రాలో అయితే ఏటిలో కలుపుతారు. ఇక్కడ నీళ్ళలో వేస్తే ఫైన్. అందుకని ఎవరూ తొక్కని చెట్టు మొదలు చూసుకున్నారు. అది సరిగ్గా రోడ్డుకు నాలుగడుగుల్లో ఉంది.

ఎవరి పనో కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ చుట్టుపక్కల శనివారం భజన నడిపేది విశ్వేశ్వరరావుగారు. గుంటూరు ఆయన, బ్యాంకులో రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. మంచి మనిషి. చీమకు కూడా చక్కెర వేసే రకం. ఆ శనివారం భజన అయ్యాక అందరి ముందూ చెప్పింది శ్యామలాదేవి.

"రావుగారూ, మీరు ఆ చెట్టు కింద పూలు పెట్టొద్దు. ఆ మానుకు మీరు రోజూ మకాన్ పెడుతున్నారు లా. అది రోడ్డుకు అలవాటు పడిపోయింది. ఇంకోసారి వస్తే దాన్ని చంపేస్తారు."

మాను అంటే ఆవిడ తమిళం కలిసిన తెలుగులో జింక, మకాన్ అంటే మలయ్ మాటలో తిండి, చివరి 'లా' సింగపూర్ ఊతపదం. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు.

"చంపేస్తారేంటమ్మా, చంపేది నువ్వే కదా!" అన్నారు రావుగారు.

"నేనే. దాక్కోవడం లేదు. మీ పూలన్నీ నాకివ్వండి, మా ఇంట్లో పూలకుండీల మట్టిలో కలిపేస్తాను. కాలు పడదు, ఎంగిలి తగలదు."

"జీవహింస చేసే చేతికి స్వామి నిర్మాల్యం ఇవ్వమంటావా? అపచారం!"

వేరే ఎవరైనా అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని లేచి పోయేవారు. శ్యామలాదేవి పోలేదు. ముందు వరసలోకి వచ్చి కూర్చుంది. పులిహోర పళ్ళెం తానే అందుకుని, చేత్తో కలుపుకుని, అందరూ చూస్తుండగా ఒక్క మెతుకు వదలకుండా తింది.

"ఈ చెయ్యే," అంది చెయ్యి ఎత్తి చూపిస్తూ. "స్వామికి అభ్యంతరముంటే ఆయన్నే చెప్పమనండి."

గడువులో మిగిలిన రోజులన్నీ పొద్దున్నే వెళ్ళి చెట్టు మొదలు శుభ్రం చేసింది. కణుజు వచ్చేది, వాసన చూసేది, ఏమీ లేకపోతే వెనక్కి పోయేది. ఒకటి రెండు రోజులు అసలు రాలేదు. బతికిపోయిందిరా దేవుడా అనుకుంది.

వారం ముగిసే రోజు. వ్యాన్‌లో డాక్టర్ లిమ్ కాస్త దూరంలో ఉన్నాడు. ఆమె పొద చాటున తుపాకితో కూర్చుంది. పొదల్లో కణుజు లేదు, రోడ్డు ఖాళీ. ఇంకాసేపు అది రాకపోతే, దాన్ని బతకనిచ్చి ఇంటికి పోయేదే. అప్పుడొచ్చింది కారు.

దిగింది రావుగారు. ముందురోజు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. రెండు చేతుల్లో రెండు సంచులు. కారు తలుపు చప్పుడు కాగానే అడవిలోంచి కణుజు పరుగున వచ్చింది! ఆయన బెదరలేదు సరికదా, నవ్వారు.

"వచ్చావా నాన్నా? నాలుగు రోజులైంది నిన్ను చూసి," అని అరటిపండు వలిచి చెయ్యి చాపారు. అది ఆయన చేతిలోంచి తింది.

శ్యామలాదేవికి అంతా అర్థమైంది. వాసనకు అలవాటు పడిన జంతువును మాన్పించవచ్చు. మనిషి చేతికి అలవాటు పడినదాన్ని ఏం చేసినా అడవి మళ్ళీ కలుపుకోదు. రేపు ఏ కారు చప్పుడైనా దానికి రావుగారే. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండింటినీ దిగమింగింది.

"రావుగారూ," అంది మెల్లగా, పొదలోంచే. "కదలొద్దు. ఇంకో పండు తీయండి. చెయ్యి అలాగే చాపి ఉంచండి."

ఆయన గుర్తుపట్టారు. "వద్దమ్మా. నా కళ్ళ ముందా?"

"మీ కళ్ళ ముందే. మీరు బెదిరితే అది రోడ్డు మీదికి ఉరుకుతుంది. అటు బస్సు వస్తోంది."

నిజంగానే బస్సు చప్పుడు వినిపిస్తోంది. రావుగారు చెయ్యి దించలేదు. కణుజు రెండో పండు నోట పట్టింది. సూది తొడలో దిగింది. ఉలిక్కిపడింది, రెండడుగులు తూలింది, ఎటూ పోకుండా ఆయన పక్కకే వచ్చి నిలబడింది. కాసేపటికి మోకాళ్ళ మీద ఒరిగింది.

రావుగారు నేల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చారు. శ్యామలాదేవి తుపాకి పక్కన పెట్టి వచ్చి దాని తల ఒళ్ళోకి తీసుకుంది. ఆమె కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"శాంతి హోమం చేయిస్తానమ్మా," అన్నారాయన వెక్కుతూ. "నీ పేరు మీద కూడా చేయిస్తాను. నీకు ఆ పాపం అంటకూడదు."

"నా పేరు ఎత్తకండి. నేను చేసింది నాకు తెలుసు, నేనే మోస్తాను," అంది. "మీ పేరున చేయించుకోండి. ఆ హోమం పూలు మాత్రం తెచ్చి ఇక్కడ పెట్టకండి. దీనికి తమ్ముడొకడున్నాడు, పొదల్లోంచి మిమ్మల్నే చూస్తున్నాడు."

ఆయన తలెత్తి పొదల వైపు చూశారు. రెండు సంచులూ తీసుకుని, ఒక్క పువ్వు కూడా కింద పడకుండా గుండెకు అదుముకుని, కారు వైపు నడిచారు. శ్యామలాదేవి డాక్టర్ లిమ్‌ను రమ్మని చెయ్యి ఊపింది.