కుర్చీలు రాని విమానం

మా ఆఫీసులో తప్పుల పట్టీ అని ఒకటుంది. కంప్యూటర్లో ఉండే షీటే గానీ అందరం పట్టీ అనే అంటాం. అందులో నా పేరు పదిహేడుసార్లు ఉంది. నా ఎదురు సీటు ఉదయశ్రీ పేరు ఆరుసార్లు ఉంది. ఆ పట్టీ పెట్టిన రామబ్రహ్మం గారి పేరు పదమూడేళ్లలో ఒక్కసారే ఉంది. ఆ ఒక్కసారి సంగతే ఇప్పుడు చెబుతున్నాను. చెప్పమని ఆయన నన్ను అడగలేదు. నేను అడిగి ఉంటే వద్దనేవారు.

మేం విమానాలు లెక్కపెడతాం. మాదాపూర్‌లో ఓ అద్దాల బిల్డింగు ఆరో అంతస్తులో కూర్చుని, ఏ దేశపు ఫ్యాక్టరీలో ఏ జెట్ విమానం ఏ దశలో ఉందో రాసుకుంటాం. రెక్కలు బిగించారా, ఇంజన్లు వచ్చాయా, మొదటిసారి ఎగిరిందా, రంగు వేశారా, కొన్న ఎయిర్‌లైన్ మనుషులు వచ్చి చూసుకున్నారా, చివరికి వాళ్ల చేతికి వెళ్లిందా. ఒక్కో విమానానికి ఒక్కో వరుస, ఒక్కో దశకి ఒక్కో గడి. నెలాఖరుకి ఆ పట్టికని బ్యాంకులూ, విడిభాగాల కంపెనీలూ కొనుక్కుంటాయి. ఈ ఉద్యోగమేమిటో మా వాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు. మా అమ్మ సంగారెడ్డిలో ఇంటింటికీ నేను ఎయిర్‌పోర్టులో పనిచేస్తానని చెప్పింది. కాదనడం నేనూ మానేశాను.

రామబ్రహ్మం గారిది అమలాపురం దగ్గర. వయసు యాభై నాలుగు. హఫీజ్‌పేట్‌లో ఉంటారు, లోకల్ రైల్లో వస్తారు. పాతికేళ్ల క్రితం ఈ ఊరొచ్చినప్పుడు ఆయన పని, అమెరికా డాక్టర్లు రోగుల గురించి టేపులో చెప్పింది విని టైపు చేయడం. ఆ పని యంత్రాల పాలయ్యాక ఇటు వచ్చారు. ఈయనకి ఈ చాదస్తం అక్కడే పట్టుకుంది. "ఎడమ కిడ్నీ అంటే ఎడమ కిడ్నీ అనే కొట్టాలండి. మనం కుడి అని కొడితే అక్కడ కుడిదే తీసేస్తారు" అంటారు. అది నిజంగా జరిగిందా అని అడిగితే తెర వైపు తిరిగిపోతారు.

ఒకసారి ఇద్దరం ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లాం. విమానం తలుపు దగ్గర ఆయన ఆగిపోయి, పక్కనున్న చిన్న రేకు మీద సీరియల్ నంబరు వంగి చదవడం మొదలుపెట్టారు. వెనక వందమంది బ్యాగులు పట్టుకుని నిలబడ్డారు. ఎయిర్‌హోస్టెస్ రెండుసార్లు సార్, సార్ అంది. ఆయన నావైపు తిరిగి, "దీన్ని మనమే రాశామండి. సీట్లు ఆలస్యంగా వచ్చినవాటిలో ఇదొకటి" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడం అంటే రోజుకి నాలుగుసార్లు తిట్లు తినడమే, కాకపోతే ఆ తిట్లన్నీ అండీ గారూ కలిపి ఉంటాయి. ఏదో ఎయిర్‌లైన్ అయిదువందల విమానాలు కొంటున్నామని పేపర్లో వేస్తే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మడిచి పక్కన పడేసేవారు. ఒక ఎయిర్‌లైన్ వద్దన్న విమానానికి రంగు మార్చి ఇంకో ఎయిర్‌లైన్‌కి ఇచ్చారు. నేను దాన్ని రెండు విమానాలుగా రాశాను. "ఒక్క పెళ్లికూతురికి రెండు పెళ్లిళ్లు చేశారు రవీందర్ గారూ" అని నవ్వి, నవ్వుతూనే నా పేరు పట్టీకెక్కించారు. ఎవరు రాశారు, ఏం తప్పు, ఎందుకు జరిగింది, ఏ తేదీన దిద్దారు. పట్టీలో ప్రతి తప్పుకీ ఈ నాలుగు గడులు. ఒకసారి ఎక్కిన వరుసని కొట్టేయడం అనేది లేదు.

అన్నిటికన్నా ఆయనకి పట్టుదల ఉన్నది చివరి గడి మీద. విమానం ఫ్యాక్టరీ నుంచి ఎగిరినంత మాత్రాన ఇచ్చేసినట్టు కాదు. పరీక్షకి ఎగురుతుంది, రంగుకి వెళ్తుంది, ఎక్కడో దాచడానికి కూడా వెళ్తుంది. ప్రతి ప్రయాణానికీ ఒక పేరుంటుంది. ఆ పేరు ఫ్యాక్టరీదైతే విమానం ఇంకా ఫ్యాక్టరీదే. ఎయిర్‌లైన్ పేరు మీద ఎగిరినప్పుడే అది వాళ్లది. మా తెర మీద విమానం లేవగానే కనిపిస్తుంది గానీ, పేరు పడడానికి ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదని ఆయన రూలు.

కింద రిసెప్షన్‌లో జెస్సికా అనే అమ్మాయి ఉండేది. లింగంపల్లి వాళ్లు, వాళ్లమ్మ నర్సు. జెస్సికా ఒక కొత్త ఎయిర్‌లైన్‌లో ఎయిర్‌హోస్టెస్‌గా సెలక్టయి ఏడాది దాటింది. లెటర్ చేతిలో ఉంది, పిలుపు లేదు. మా తొమ్మిదో విమానం వచ్చాక మీ బ్యాచ్‌ని తీసుకుంటాం అని వాళ్ల జవాబు. ఇంకో మెలిక కూడా పెట్టారు, ఇరవై ఏడు నిండేలోపు చేరాలి. ఆగస్టు రెండుకి ఆ పిల్లకి ఇరవై ఏడు నిండుతాయి.

పైన విమానాలు లెక్కపెట్టే మనుషులున్నారని తెలిశాక ఆమె మమ్మల్ని వదల్లేదు. పొద్దున రామబ్రహ్మం గారు లోపలికి అడుగుపెట్టగానే, "నా తొమ్మిదోది ఎంతవరకొచ్చింది అంకుల్?" అనేది. అప్పటికి అయిపోయిన పని మాత్రమే ఆయన చెప్పేవారు. "ఇంజన్లు బిగించారమ్మా." ఇంకో వారం, "రంగు వేశారమ్మా. తోక నారింజ రంగు." ఎప్పుడొస్తుంది అంటే, "అది నాకు తెలీదమ్మా" అనేవారు. నేనైతే వచ్చే నెల అని ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ని. ఆమె నా మాట లెక్కచేసేది కాదు. "నువ్వాగన్నా, అంకుల్ చెప్పాలె" అనేది. అందుకు నాకు కొంచెం మండేది కూడా.

జూన్‌లో కొత్తగూడ దగ్గర ఒక హాస్పిటల్ వాళ్లు ఆమెని ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగానికి తీసుకున్నారు. పర్మనెంటు పోస్టు, కానీ రెండేళ్లు వదలనని రాసివ్వాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా అవునో కాదో చెప్పమన్నారు. అవునంటే విమానం పోయినట్టే. కాదన్నాక విమానం రాకపోతే రెండూ పోయినట్టే.

ఆ శుక్రవారం నాలుగూ నలభైకి జెస్సికా రిసెప్షన్ సెక్యూరిటీ అతనికి అప్పగించి ఆరో అంతస్తుకి వచ్చింది. అంతకుముందెప్పుడూ పైకి రాలేదు. రామబ్రహ్మం గారి కుర్చీ వెనక నిలబడింది. ఆ వారం అంతా మంచి కబుర్లే వచ్చాయి. ఎయిర్‌లైన్ మనుషులు వెళ్లి విమానం చూసుకున్నారు. ఫ్యాక్టరీ కంచె బయట కెమెరాలు పట్టుకుని నిలబడేవాళ్లు నారింజ తోక ఫొటోలు పెట్టారు. నాలుగూ నలభై ఆరుకి మా తెర మీద తొమ్మిదో విమానం లేచింది. లేచి తూర్పుకి, మన దేశం వైపుకి తిరిగింది.

పేరు గడి ఖాళీగా ఉంది. నేను చూశాను. ఈయనకి నేను గుర్తుచేయడమేమిటిలే అని నోరు మూసుకున్నాను. ఆయన గోడ గడియారం చూశారు, వెనక్కి తిరిగి ఆ పిల్ల ముఖం చూశారు.

"బయల్దేరిందమ్మా. ఇంక మనదే" అన్నారు.

జెస్సికా నా భుజం మీద ఒక్కటి చరిచి ఫోన్ పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తింది. అయిదు కాకముందే హాస్పిటల్‌కి రానని చెప్పేసింది. కింద కొట్లోంచి బిస్కెట్ డబ్బా తెచ్చి అందరికీ పంచింది. డెస్కు దగ్గర తిండి వద్దనే రామబ్రహ్మం గారు రెండు బిస్కెట్లు తిని, మళ్లీ చూడకుండానే తెర ఆపేసి, అయిదున్నర రైలుకి వెళ్లిపోయారు. అంత తొందరగా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన సంతోషం చూసి నాకూ సంతోషంగానే ఉండింది.

సోమవారం నేను వెళ్లేసరికి ఆయన టిఫిన్ బాక్సు మూత తీయకుండా పక్కన పెట్టుకుని కూర్చున్నారు. "ఇది చూడండి" అన్నారు. శుక్రవారం నాటి ప్రయాణం. పేరు గడిలో ఫ్యాక్టరీ పేరు ఉంది. విమానం రెండు గంటలు ఎగిరి, అమ్ముడు కాని విమానాలూ ఆగిపోయిన విమానాలూ నిలిపే ఓ మైదానంలో దిగింది. మధ్యాహ్నానికి కారణం కూడా తెలిసింది. కుర్చీలు రాలేదు. ఇంజన్లున్నాయి, రంగుంది, లోపల కూర్చోడానికి ఒక్క సీటు లేదు. కుర్చీల కంపెనీ దగ్గర వరస పెద్దదిగా ఉందట.

"నాలుగూ యాభై ఏడుకి పేరు పడిందండి. పదకొండు నిమిషాలు" అన్నారాయన.

"సార్, మీరైతే రాయలేదు కదా. చివరి గడి ఖాళీగనే ఉన్నది. మన రికార్డుల తప్పేం లేదు" అన్నాను.

"అవునండి. గడి ఖాళీగా ఉంచాను. నోటితో చెప్పేశాను."

లేచి కిందికి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. కౌంటర్ ముందు నిలబడి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, "అమ్మా, శుక్రవారం నేను చెప్పింది తప్పు. విమానాన్ని వాళ్లకి ఇవ్వలేదు. ఎక్కడో నిలిపారు. ఎప్పుడిస్తారో తెలీదు" అన్నారు.

జెస్సికాకి వెంటనే అర్థం కాలేదు. "ఎగిరింది అన్నరు కదా అంకుల్."

"ఎగిరిందమ్మా. ఇవ్వలేదు."

"నాకైతే ఆ రెండూ ఒకటే. మీకు తెల్వాలె కదా."

"నాకు తెలుసు. తెలిసే చెప్పాను."

 ఎవరో విజిటర్ వస్తే ఆమె రిజిస్టర్ ముందుకి తోసి సంతకం చేయించుకుంది.  తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది, ఆయన్నీ, పేరు గడి చూసి కూడా నోరు మూసుకున్న నన్నూ.

లంచ్ టైములో ఆయన ఆటో ఎక్కి కొత్తగూడ హాస్పిటల్‌కి వెళ్లారు. తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు అని చెప్పారట. వాళ్లు మర్యాదగానే కూర్చోబెట్టి, శనివారమే వేరే అమ్మాయి చేరిపోయిందన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా నాయనమ్మ అనేది. తిరిగొచ్చి రామబ్రహ్మం గారు తప్పుల పట్టీ తెరిచారు. ఎవరు: రామబ్రహ్మం. ఏం తప్పు: ఇవ్వని విమానాన్ని ఇచ్చినట్టు జెస్సికాకి చెప్పాను. ఎందుకు: ఆ అమ్మాయికి సంతోషం కలగాలని. దిద్దిన తేదీ గడి వదిలేశారు.

మా మేనేజరు అది చూసి, రికార్డుల్లో లేని తప్పు ఇక్కడెందుకండీ, తీసేయండి అన్నాడు. ఈయన తీయలేదు.

ఆగస్టు రెండు వచ్చింది, వెళ్లింది. ఆ రోజు జెస్సికా సెలవు పెట్టింది. ఆ తర్వాతి నెలలో మా బిల్డింగు ఉద్యోగం మానేసింది. నవంబర్‌లో తొమ్మిదో విమానానికి కుర్చీలొచ్చాయి. ఎయిర్‌లైన్ పేరు మీద ఎగిరింది. కాగితాల మీద సంతకాలయ్యాయి. వాళ్ల ఊళ్లో దిగింది. రామబ్రహ్మం గారు మూడూ చూసుకుని, మర్నాడు మళ్లీ ఒకసారి చూసుకుని, చివరి గడి నింపారు. జెస్సికా బ్యాచ్‌లో మిగతావాళ్లని పిలిచారని తర్వాత తెలిసింది.

మొన్న సంక్రాంతి వెళ్లాక పన్ను పీకించుకోవడానికి కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క డెంటల్ క్లినిక్‌కి వెళ్తే, ముందు కౌంటర్లో జెస్సికా ఉంది. నన్ను చూసి నవ్వింది. "అంకుల్ ఎట్లున్నరన్నా?" అంది. ఉండబట్టలేక పట్టీ సంగతి చెప్పాను. ఆమెకి తెలియదు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసింది.

"అప్పట్ల మస్తు కోపం ఉండె. మమ్మీ ముంగట ఏడ్చిన గూడ. ఇప్పుడు మంచిగనే ఉన్న. ఇగ ఆ తేదీ ఏసుకోమను. నేను చెప్పిన్నని చెప్పు."

మర్నాడు దవడ వాపుతోనే వెళ్లి ఆయనకి చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. ఆ అమ్మాయి ఎక్కడుంది, ఇంటికి దగ్గరేనా, వాళ్లమ్మ ఎలా ఉంది, అన్నీ అడిగారు. పట్టీ మాత్రం తెరవలేదు.

"తప్పు దిద్దితేనే కదండీ తేదీ వేసేది. ఆ అమ్మాయి బాగుందంటే అది ఆవిడ కష్టం. అందులో నేను దిద్దిందేముంది?" అన్నారు.

ఇంతలో తెర మీద ఇంకో ఫ్యాక్టరీ నుంచి ఇంకో విమానం లేచింది. పేరు గడి ఖాళీగా ఉంది. రామబ్రహ్మం గారు కీబోర్డు ముందుకి తోసేసి చేతులు కట్టుకున్నారు. నేనూ కట్టుకున్నాను. పేరు పడేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.