ఎర్రదా, నల్లదా?

రెండు రథాలు, ఒక యోధుడు, ఒక మహాసంగ్రామం గురించి చెప్పబోతున్నాను. నిజానికి అంత లేదు. మలేషియాలో, పోర్ట్ క్లాంగ్ రేవులో లారీలు బాగుచేసి అలిసిపోయిన మా పెదనాన్న, ఆయన రెండు పాత అమెరికా కార్లు, అంతే. మోకాళ్లు అరిగాక ఒకటి అమ్మక తప్పలేదు. ఏదన్నది ఏడాదిగా తేలలేదు.

రెండిటికీ స్టీరింగు ఎడమపక్క. టోల్ గేటు దగ్గర కార్డు తాకించడానికి కుడిపక్క ఒక మనిషి కూర్చోవాలి. పెద్దమ్మ పోయాక ఆ ఉద్యోగం నాది.

పెదనాన్న రోజూ పొద్దున్నే అరచెయ్యి తిప్పి, జ్వరం చూసినట్టు బానెట్ల మీద పెట్టేవాడు.

"ఎర్రది తొక్కితే ఎగిరిపోద్ది. ట్రాఫిక్‌లో ఆపితే మరిగిపోద్ది. నెలకోపాలి కార్బ్యురేటర్ కడగాల. నల్లది నత్తే గానీ, తాళం తిప్పితే పలుకుద్ది."

"అయితే ఎర్రది అమ్మెయ్ పెదనాన్నా."

"అలగంటావేట్రా? అందులో మీ పెద్దమ్మ నవ్వేది లా," అన్నాడు, చివర మలేషియా వాళ్ల "లా" తగిలించి.

"మరి నల్లదాంట్లో?"

"నిమ్మళంగా నిద్దరోయేది."

ఇంజన్ల గురించి నాకు తెలిసింది అక్కడితో అయిపోయింది.

చివరికి కొనేవాడు, లాక్కెళ్లే లారీ వేసుకుని వచ్చాడు. తనకి ఏదైనా పర్లేదన్నాడు. పెదనాన్న గుమ్మంలో కూలబడి, "ఏదో ఒకటి పట్టుకుపో" అన్నాడు.

మా వాకిట్లో కార్లు ఒకదాని వెనక ఒకటే పడతాయి. ఆ రోజు గేటు వైపున్నది ఎర్రది.