పాత ఫోల్డర్‌ను ముందు వెతకమన్న భాస్కరం గారు

భాస్కరం గారు పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది మార్లీన్. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో రిసెప్షన్ చూసే ఆవిడ. నేను అప్పుడే బయటి నుంచి వచ్చి, మంచుకు తడిసిన ఉన్ని కోటు హీటర్ పక్కన ఆరవేశాను. ఫోన్ పెట్టేసేసరికి ఆ తడి ఉన్ని వాసన ఇల్లంతా పాకింది. కళ్ళు మూసుకుంటే పక్క ఊరు కిచెనర్‌లోని మా పాత ఆఫీసు, కిటికీ అవతల తొందరేమీ లేకుండా దిగుతున్న మంచు, కుర్చీ వీపున ఆరుతున్న ఆయన బూడిదరంగు కోటు, అన్నీ నీళ్ళలో నీడల్లా కదిలాయి. దేవుడి ముందు దీపం పెట్టాను.

నేను కాలేజీ గడప తొక్కలేదు. చిన్నప్పుడు మా అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. ప్రోగ్రాములు రాయడం కెనడా వచ్చాక వంటింటి బల్ల మీద పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. క్లినిక్‌లకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీ నన్ను ప్రొబేషన్ మీద తీసుకుంది. టీముకు పెద్ద భాస్కరం గారు. నాకు ఇచ్చిన పని ఇన్‌స్టాలర్ స్క్రిప్ట్, అంటే కొత్త వెర్షన్‌ను క్లినిక్ కంప్యూటర్‌లో తనంతట తానే అమర్చే ప్రోగ్రాము. ఇల్లు తుడవకుండా దీపం పెట్టని అలవాటు నాది. దాన్ని ఆఫీసుకూ తెచ్చాను. రోజూ టెస్ట్ మెషీన్‌లో ఉన్నదంతా చెరిపేసి, వినాయకుణ్ణి తలుచుకుని స్క్రిప్ట్ నడిపేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు రాలేదు.

ప్రొబేషన్ ముగియడానికి వారం ఉందనగా మార్లీన్ ఫోన్ చేసింది. “కొత్త వెర్షన్ వేశాం, స్క్రీన్ మీద పేషెంట్ల పేర్లు ఒక్కటీ కనిపించడం లేదు. ఇక్కడ ఆరుగురు వచ్చి కూర్చున్నారు!”

“నా ఉద్యోగం పోతే పోయింది, వాళ్ళ రికార్డులు పోతే ఎలా సార్?” అన్నాను.

భాస్కరం గారు అప్పటికే కోటు తొడుక్కుంటున్నారు. “ఏడుపు కార్లో ఏడుద్దువుగానీ, పద. ఆవిణ్ణి ఏదీ ముట్టుకోవద్దని చెప్పు.”

దారంతా తెల్లగా ఉంది. ఆకాశమెక్కడో పొలమెక్కడో తెలియలేదు. క్లినిక్‌లో మార్లీన్ కుర్చీ ఇస్తే కూర్చున్నారు కానీ కీబోర్డు తాకలేదు. “ఇంతకు ముందు దీన్ని ఎక్కడ పెట్టుకున్నారమ్మా మీరు?” అని ఇంగ్లీషులో మెల్లగా అడిగారు. సి డ్రైవ్‌లో చోటు లేదని ఎవరో డి డ్రైవ్‌లో పెట్టారని ఆవిడకు గుర్తొచ్చింది. పాత ఫోల్డర్ అక్కడే ఉంది, రికార్డులన్నీ అందులో పదిలంగా ఉన్నాయి. నా స్క్రిప్ట్ అదేదీ చూడకుండా మామూలు చోట ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారుచేసి, ప్రోగ్రామును దానివైపు తిప్పింది. ఆయన దాన్ని పాత ఫోల్డర్ వైపు తిప్పగానే స్క్రీన్ నిండా పేర్లు బారులు తీరాయి. మార్లీన్ గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

తిరిగి వస్తుంటే ఆయన నవ్వారు. “నీ టెస్ట్ మెషీన్‌కి రోజూ తలంటు పోస్తున్నావు కదూ? బయట కంప్యూటర్లు అలా ఉండవమ్మా. ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్న ఇళ్ళు అవి.”

“మరి కంప్యూటర్ తన లెక్కలన్నీ రాసుకునే రిజిస్ట్రీలో చూస్తే సరిపోతుందా సార్?”

“పాత వెర్షన్ తన అడ్రస్ అక్కడే రాసిపెడుతుంది, చదువు. అడ్రస్ ఉన్నంత మాత్రాన ఇల్లు ఉన్నట్టేనా? ఆ ఫోల్డర్ నిజంగా ఉందేమో వెళ్ళి చూడు. లేకపోతే మనిషిని అడుగు. నీ అంతట నువ్వు కొత్తిల్లు కట్టెయ్యకు.”

మర్నాడు మీటింగులో యజమాని, ఇది టెస్ట్ చేసిందెవరని అడిగాడు. నేను లేవబోయాను. భాస్కరం గారు చేత్తోనే కూర్చోమన్నారు. “ఆ అమ్మాయి టెస్టింగ్ నేను చూడలేదు. తప్పు నాది.” నిజానికి ఆయన మొదటి రోజే నాకు పాత వెర్షన్ ఉన్న మెషీన్ ఇచ్చారు. శుభ్రం చేస్తున్నాననుకుని దాన్ని చెరిపేసింది నేను. బయటికొచ్చాక, “నా తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు సార్?” అన్నాను. “వేసుకోవడమేముంది? మెషీన్ ఇచ్చి ఊరుకున్నాను. అది కూడా తప్పేగా,” అన్నారు. నా ఉద్యోగం నిలిచింది. అన్నం పెట్టిన ఆ మాటకు ఈ రోజుకీ రుణపడి ఉన్నాను.

ఇప్పటికీ నేను రాసే ప్రతి స్క్రిప్ట్‌లో మొదటి వరుసలు వెతకడానికే. దొరికిన ఫోల్డర్‌ను తెరిచి చూసి, కొత్త వెర్షన్‌ను అక్కడే దిగమని చెబుతాను. ఆ నాలుగు వరుసలు ఎవరికీ కనిపించవు, వాటిని నేర్పిన మనిషినీ మీరు చూడలేదు. మీ కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ వేసుకున్న రోజున మీ పాతవన్నీ ఉన్నచోటే ఉంటే, ఒక్క క్షణం భాస్కరం గారిని తలుచుకోండి.