మొదటి వరస, పది, పదకొండు

మా జగ్గయ్యపేట నాటక సమాజంలో టికెట్ల కిటికీ వెనక పదిహేనేళ్ళుగా కూర్చుంటున్నవాణ్ణి నేను. పగలు స్టేషనరీ కొట్టు, సాయంత్రం ఈ కిటికీ. సీజన్లో నెలకొకటి చొప్పున ఏడాదికి ఐదు నాటకాలు వేయిస్తాం. సీజన్ టికెట్ తీసుకున్నవాళ్ళకి ఐదు టికెట్లూ ఒకే పట్టీగా, పేరూ సీటు నంబరూ వేసి ఇస్తాం. ఎవరి సీటు వాళ్ళదే, ఏళ్ళ తరబడి. కాస్త పక్కకి జరగమంటే ఇల్లు ఖాళీ చెయ్యమన్నంత గొడవ చేస్తారు. ఒకప్పుడు ఆ పట్టీలు నేనే చేత్తో రాసి రబ్బరు స్టాంపు కొట్టేవాణ్ణి. నా రాత ఎవరికీ అర్థం కావడం లేదని కమిటీవాళ్ళు చిన్న ప్రింటరు ఒకటి కొన్నారు. నా రాత అంత దరిద్రంగా ఏమీ ఉండదు. ఆ మాట ఇక్కడైనా చెప్పుకోవాలి.

ఆ ఏడు ఆ ప్రింటరు మొరాయించింది. మొదటి టికెట్ చక్కగా పడేది. రెండోది కాస్త కిందికి జారేది. ఐదోదానికి వచ్చేసరికి సీటు నంబరు సరిగ్గా చింపే గీత మీద పడేది. ఆపి, మళ్ళీ పెట్టి, వైర్లన్నీ పీకి, చివరికి దాని నెత్తిన ఒక్కటి మొట్టాను కూడా. విజయవాడ మెకానిక్ మూడు రోజులుగా "రేపొస్తా సార్" అంటున్నాడు.

నిజం చెప్పాలంటే, అది పాడైనందుకు నాకు లోపల్లోపల హాయిగానే ఉంది. కారణం మొదటి వరసలో పది, పదకొండు సీట్లు.

ఆ రెండూ నందిగామ దంపతులవి. ఆమె అక్కడి కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది. ఆయనకి నాటకాల మీద పెద్ద ఇష్టం లేదు, ఆమె కోసం వచ్చేవాడు. చివరి రోజుల్లో చెవులు పూర్తిగా పోయాయి. అయినా వచ్చేవాడు. ఆమె ప్రతి డైలాగూ ఆయన చెవిలో చెప్తూ ఉంటే వెనక వరసలవాళ్ళు "అబ్బా, నెమ్మదండీ" అని విసుక్కునేవాళ్ళు. సీజన్ మొదలవడానికి నాలుగు నెలల ముందు ఆయన పోయాడు.

మా దగ్గర నాటకానికి ముందు దీపం వెలిగించేది మొదటి వరసవాళ్ళు. సీటు నంబర్ల వరసన వంతులు వేసుకుంటాం. ఆ ఏడు మొదటి నాటకానికి వంతు పదో నంబరుకి వచ్చింది. కార్యదర్శి నన్ను పక్కకి పిలిచాడు.

"ఏడాది తిరక్కుండా ఆవిడ చేత దీపం వెలిగిస్తే ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలంటారు. ట్రూపువాళ్ళు అసలు స్టేజీ ఎక్కరు. సంవత్సరీకం అయ్యేదాకా ఆ రెండూ ఆపెయ్. ఆవిడకి మాత్రం చెప్పమాక, బాధపడుద్ది. ప్రింటరు బాలేదని చెప్పు."

కంప్యూటర్లో ఆ రెండు సీట్ల పక్కన టిక్కు పెట్టి, రిమార్కుల గడిలో "సంవత్సరీకం అయ్యేవరకు ఆపవలెను" అని కొట్టాను. ఆమె మనసు నొప్పించకుండా ఉండడానికే అని నాకు నేను చెప్పుకున్నాను. అది ఉత్త పిరికితనమని అప్పుడూ తెలుసు.

మంగళవారం సాయంత్రం ఆమె వచ్చింది. చేతిలో గుడ్డ సంచీ, వేళ్ళ మధ్య బస్సు టికెట్.

"బస్సులో టికెట్టు కొట్టేశారు తమ్ముడూ, ఆడవాళ్ళకి ఉచితమని సున్నా వేసి. ఇక నువ్వు కొట్టడమే తరువాయి" అని నవ్వింది.

"ప్రింటరు బాలేదు అక్కయ్యగారూ. వారం పట్టొచ్చు."

ఆ మాట అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది.

"రెండు సీట్లూ ఉంచు. పక్కన కొత్తవాళ్ళెవరైనా కూచుంటే నాకు తోచదు" అంది. మళ్ళీ తనే, "ఇంట్లో టీవీ పెట్టుకున్నా మనసు నిలవట్లేదు. ఈ ఐదు రోజుల కోసమే చూస్తున్నా. ఈ ఏడు ఎవరికీ చెప్పక్కర్లేదుగా, ఒక్క ముక్క పోకుండా వింటా" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది. తరవాత మిషను వైపు చూసి, "ఏం చేస్తోంది అది?" అని అడిగింది.

నెత్తిన మొట్టిన సంగతితో సహా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె లోపలికి వచ్చి కుర్చీ లాక్కుంది. కోర్టులో ముప్పై ఏళ్ళు మిషన్లతో వేగిన మనిషి. పక్క మూత తీసి సెల్‌ఫోన్ లైటు వేసింది.

"కాగితం వెనక నల్ల గీతుంది చూడు. టికెట్టు ఎక్కడ అయిపోయిందో దీనికి తెలిసేది ఆ గీతతోనే. దాన్ని చూసే కన్ను ఇదిగో, దుమ్ము పట్టి మూసుకుపోయింది. దీనికి కావాల్సింది మొట్టికాయ కాదు, తుడవడం."

సంచీలోంచి పత్తి తీసింది. ఆయన ఫోటో దగ్గర దీపానికి ఒత్తుల కోసం కొన్న పత్తి. కరోనా నాటి శానిటైజరు సీసా ఒకటి నా సొరుగులో మిగిలి ఉంది. నాలుగు చుక్కలు పత్తి మీద వేసి, ఆ చిన్న గాజు కన్నుని పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచింది. పత్తి నల్లగా వచ్చింది.

"ఇప్పుడు మొదటి వరసంతా ఒకేసారి కొట్టించు. జారుతుందో లేదో తెలిసిపోద్ది."

కొట్టకుండా ఉండడానికి నాకు ఒక్క సాకు కూడా దొరకలేదు. మీట నొక్కాను. పట్టీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఐదో టికెట్ మీద కూడా నంబరు గీతకి దూరంగా, నిక్కచ్చిగా పడింది. ఆమె ముఖం వెలిగిపోయింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తరవాత పన్నెండు.

"అదేంటి, మధ్యలో రెండు ఎగిరిపోయినయ్యి?" అంది. మళ్ళీ మూత తీసింది. రోలు ఇంకాస్త బిగించి పెట్టింది. "మళ్ళీ కొట్టు."

కొట్టాను. మళ్ళీ తొమ్మిది తరవాత పన్నెండు.

ఆమె మిషను ఆపి, కాసేపాగి, మళ్ళీ వేసింది. కన్ను ఇంకోసారి తుడిచింది. లేని జబ్బుకి ఆమె వైద్యం చేస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. మూడోసారీ అంతే. అప్పుడు కళ్ళజోడు సర్దుకుని కంప్యూటర్ దగ్గరికి వంగింది. రిమార్కుల గడి దగ్గర ఆమె చూపు ఆగింది. లోపలే చదువుకుంది. పెదవులు మాత్రం కదిలాయి.

"ఇది నువ్వు కొట్టిందేనా?"

"అవునక్కయ్యగారూ. కమిటీవాళ్ళు..."

"వాళ్ళ సంగతి సరే. నేనొచ్చినప్పట్నించీ నీకు తెలుసుగా. మరి నాచేత మూడుసార్లు ఎందుకు చేయించావు?"

ఆమె మిషను మూత వేసి, నల్లబడిన పత్తిని కూడా సంచీలోనే పెట్టుకుని, బస్టాండు వైపు నడిచింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవకుండా కిటికీ దగ్గరికి వెళ్ళాను. టిక్కు తీసేసి, పది, పదకొండు కొట్టి, నందిగామ బస్సెక్కాను. చిల్లకల్లు దాటేదాకా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఆమె తలుపు తీసి కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. పట్టీలు చేతికిచ్చాను.

"కమిటీకి చెప్పే తెచ్చావా?"

"లేదండి."

"మరి నేనొచ్చి కూచున్నాక, లేవమని ఎవరైనా వస్తే? నువ్వు అడ్డం నిలబడతావా తమ్ముడూ?"

నిలబడతానని అనాలి. బస్సులో కూడబలుక్కున్నదీ అదే. కానీ కార్యదర్శి ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఆయన నడిపే స్కూలు నుంచి నా కొట్టుకి వచ్చే నోటు పుస్తకాల ఆర్డరు గుర్తొచ్చింది. గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగాను. గ్లాసు కింద పెట్టి "నిలబడతానండి" అన్నాను. ఆ రెండు గుక్కల్లోనే ఆమెకి కావలసిన జవాబు దొరికింది.

పట్టీలు వెలుతురుకి ఎత్తి చూసింది. "అచ్చు బాగా పడింది" అంది.

మొదటి నాటకానికి పన్నెండో నంబరాయన దీపం వెలిగించాడు. ఐదు నాటకాలకీ మూడో బెల్లు కొట్టాక కూడా నేను కిటికీ మూయలేదు. ఆమె ఒక్కదానికీ రాలేదు. మరుసటి ఏడు, సంవత్సరీకం అయిపోయాక, రెన్యువల్ కాగితం పంపితే తిరుగు పోస్టులో వచ్చింది. దాని మీద టైపు చేసిన ఒకే ఒక్క వాక్యం: "సీట్లు వేరేవారికి ఇవ్వగలరు."

వారం తిరక్కుండా ఇచ్చేశాం. కొత్తవాళ్ళ పేరుతో ఆ పట్టీలు నేనే కొట్టాను. ఆమె తుడిచిన కన్ను ఇంకా బాగానే పనిచేస్తోంది. ఒక్క అంకె కూడా జారలేదు.